గతుకుల దారికి తగిన బండి

“గొంతు తగ్గించు అక్కా, ఆయన హాల్లోనే ఉన్నారు” అంది శాంతి, వంటింటి తలుపు సగం మూస్తూ.

అరుంధతి గొంతు తగ్గించలేదు. “ఉండనీ. మొన్న ఫోన్లో అన్న మాట ఇప్పుడు నా మొహం చూసి అను.”

“మాటా మాటా పెరిగింది. కోపంలో నోరు జారాను.”

“జారిన మాటే నాకు కావాలి. మీ బావగారు పోయేముందు ఈ ఇంటికి ఫోన్ చేశారన్నావు. చేశారా, లేదా?”

శాంతి పప్పు కింద మంట తగ్గించింది. అక్కర్లేకపోయినా గరిటె తీసి కలిపింది. సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లోని ఆ ఫ్లాట్ వంటింటి కిటికీలోంచి, వెదురు గడల మీద ఆరేసిన బట్టల అవతల, ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. వాటివైపు చూస్తూ చెప్పింది.

“చేశారు. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్లో పెట్టారు ఈయన. ‘అమ్మని ఒకసారి పంపించరా జయరాం, చూడాలనుంది. మీ వదినకి చెప్పకు, ఆశ్చర్యపోతుంది’ అన్నారు బావగారు. ఈయన ‘రేపే విమానం ఎక్కిస్తా అన్నయ్యా’ అన్నారు.”

“ఎక్కించాడా?”

శాంతి గరిటె పక్కన పెట్టింది.

“నేను కూడా చేశాను శాంతీ, అక్కడ ఆస్ట్రేలియాలో ఆసుపత్రి వరండాలోంచి. నాతో ఏమన్నాడో తెలుసా? ‘అమ్మ రానంటోంది వదినా, కొడుకుని ఆ స్థితిలో చూడలేనంటోంది’ అన్నాడు. అత్తయ్యతో ఏం చెప్పాడు?”

“వదిన వద్దంటోంది, అన్నయ్యకి నయమవుతోంది, ఇప్పుడొచ్చి హడావిడి చేయొద్దంటోంది అని…” శాంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆ వారమే ఈయన కంపెనీ ప్రారంభం అక్కా. అత్తయ్య దీపం వెలిగిస్తారని కార్డుల మీద అచ్చయిపోయింది. పెట్టుబడి పెట్టేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఒక్క వారం ఆగితే ఏమవుతుందిలే అనుకున్నారు. బావగారు అంత తొందరగా…”

“తొందరగా పోయారు. నిజమే. మీ ముహూర్తానికి ఆగలేకపోయారు.”

“అత్తయ్యకి మాత్రం చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“నువ్వు చూస్తూ నిలబడ్డావు కదా” అంది అరుంధతి. “నా కాళ్ళు పట్టుకుని ఏం లాభం?”

హాల్లోంచి జయరాం పిలుపు వినిపించింది. “వదినా! ఎంతసేపు? ఇక్కడ అన్నీ పరిచి కూర్చున్నాను!”

భోజనాల బల్ల మీద రంగురంగుల బ్రోషర్లు. గోడ మీద, పెద్ద ఫ్రేములో, పట్టుచీర కట్టుకుని దీపం వెలిగిస్తున్న అత్తగారు సుబ్బమ్మ. ఆ పక్కన చేతులు కట్టుకుని నవ్వుతున్న జయరాం. ఫ్రేముకి ఎదురుగా ఉన్న గది తలుపు మూసి ఉంది. అరుంధతి ఈ ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఆ తలుపు అలాగే మూసుకుంటుంది. లోపల అత్తగారు ఉంటుంది. భర్త సూరిబాబు పోయిన ఈ రెండేళ్ళలో అత్తాకోడళ్ళ మధ్య ఒక్క మాట లేదు. కొడుకు చావుబతుకుల్లో ఉంటే రాని తల్లి అని కోడలూ, కన్నతల్లిని రావొద్దన్న కోడలని అత్తా.

ఎవరి కోపం వాళ్ళకి న్యాయంగానే కనిపించింది. మొన్నటిదాకా.

“రా, కూర్చో” అని జయరాం కుర్చీ లాగాడు. ఇంటర్నెట్లో విమానం టిక్కెట్లూ హోటల్ గదులూ అమ్మే కంపెనీ అతనిది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం తీరిపోయాక, అలాంటి కంపెనీల పేరు చెబితే ఊరంతా చెవులు నిక్కించి వింటున్న రోజులవి. “నువ్వే డిసైడ్ చెయ్యాలి. ఆ రోడ్డు తెలిసింది మనలో నీకొక్కదానికే.”

“ఏ రోడ్డు?”

“అన్నయ్య సర్వే చేసిన రోడ్డు. ఆస్ట్రేలియాలో, కింబర్లీ వైపు. నువ్వు అస్థికలు కలిపావే, ఆ నది దాకా.” జయరాం మొహం వెలిగిపోతోంది. “ప్లాన్ చెప్తా విను. అక్కడ మేలో వానలు తగ్గిపోతాయి కదా, అప్పుడు వెళ్తాను. ఒక్కడినే. పెద్ద జీపు, వెనక కారవాన్. రోజుకో పేజీ మా సైట్లో పెడతాను, ఫొటోలతో. టైటిల్ ఏంటో తెలుసా? ‘అన్నయ్య దారి’. మార్కెటింగ్ వాళ్ళు ఇచ్చారు. పేపర్ వాళ్ళు కూడా అడుగుతున్నారు. చాలా టచింగ్‌గా ఉంటుంది, వదినా.”

అరుంధతి చేతులు బల్ల కిందికి పోయాయి. ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి.

“అత్తయ్య రారా?” అని మాత్రం అడిగింది.

“అమ్మా? ఆ మోకాళ్ళతోనా? నో లా!” అన్నాడు, సింగపూర్ వాళ్ళలా మాట సాగదీస్తూ. “నది నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి ఇస్తాను. అది కూడా మంచి ఫొటో.” రెండు బ్రోషర్లు ఆమె ముందుకు జరిపాడు. “పెర్త్‌లో డీలర్‌తో మాట్లాడాను. ఈ రెండూ ఉన్నాయట. ఏది?”

మొదటిది తెల్లగా, పొడుగ్గా, పెళ్ళి మండపంలా ఉంది. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు అది. లోపల మెత్తటి సోఫాలు, పెద్దపెద్ద కిటికీలు, స్నానాల గది, టీవీ. కిందిభాగం నేలకి జానెడు ఎత్తులో ఉంది.

రెండోది పొట్టిగా, బూడిదరంగు రేకు డబ్బాలా ఉంది. నేలకి బాగా ఎత్తున నిలబడింది. లారీ చక్రాల్లాంటి చక్రాలు. ముందు భాగానికి రాళ్ళు తగలకుండా ఇనుప జల్లెడ. కింద నీళ్ళ తొట్టికి దళసరి ఇనుప రేకు తొడుగు.

అరుంధతికి రెండూ తెలుసు. రెండింట్లోనూ కాపురం చేసింది.

పెళ్ళయిన కొత్తలో సూరిబాబుకి ఆస్ట్రేలియా గనుల కంపెనీలో సర్వేయర్ ఉద్యోగం వచ్చినప్పుడు, ఇద్దరూ ముచ్చటపడి ఇలాంటి తెల్లటిదే కొన్నారు. తారు రోడ్డు మీద హంసలా పోయింది. తారు అయిపోయి ఎర్రమట్టి మొదలయ్యాక దాని పని అయిపోయింది. ఆ మట్టి రోడ్డు మీద అడ్డంగా గట్లు కట్టి ఉంటాయి, రేకుల కప్పు మీద బండి తోలుతున్నట్టు ఉంటుంది. ఆ అదురుకి అల్మరాల మేకులు ఒక్కొక్కటే ఊడాయి. బియ్యం, కందిపప్పు, ఎర్రదుమ్ము కలిసిపోయి నేలంతా పరుచుకున్నాయి. గోడలు మూలల దగ్గర విడిపోయి ఆకాశం కనిపించింది. చివరికి చక్రం దగ్గరి కమ్మీ విరిగి, పశువుల లారీ ఒకటి అటు వచ్చేదాకా ఎండలో కూర్చున్నారు. సూరిబాబు ఆ శిథిలం నీడలో కూర్చుని పగలబడి నవ్వాడు. ఆ తర్వాత కొన్నది రెండో రకం. అది వాళ్ళని ఎప్పుడూ దారిలో వదిలెయ్యలేదు.

“డీలర్ మాత్రం రెండోదే అంటున్నాడు” అన్నాడు జయరాం. “దీని సస్పెన్షన్ గట్టిదట, ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఊగుతుందట. జీపుకి తగిలించే కొక్కెం కూడా అన్ని వైపులా తిరుగుతుందట. నాకు ఇవన్నీ ఏం తెలుసు? చూడ్డానికి మాత్రం మరీ కోళ్ళ గూడులా ఉంది.”

అరుంధతి మొదటి బ్రోషర్ మీద వేలు పెట్టింది.

“ఇది తీసుకో.”

“షూరా? మట్టి రోడ్డు కదా?”

“డీలర్లు అలాగే భయపెడతారు. ఆ రోడ్డు ఈమధ్య బాగు చేశారట.”

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. ‘అమ్మ రానంటోంది వదినా’ అన్నప్పుడు ఇతనికి కూడా ఇంతే తేలిగ్గా వచ్చి ఉంటుంది.

“ఒక్కడివే పోతున్నావు. సౌకర్యంగా ఉండాలి” అంది ఇంకా. “ఫొటోల్లో కూడా ఇదే బాగుంటుంది.”

“అదే నేనూ అనుకున్నా!” జయరాం బల్ల మీద చరిచాడు. “థాంక్స్ వదినా. ఇంత జరిగినా నువ్వు మన ఇంటి మనిషివే. నీ మాట మీద ఉన్న నమ్మకం నాకు ఇంకెవరి మాట మీదా లేదు.”

విరగాలి, అనుకుంది అరుంధతి. మనిషి జాడ లేని చోట విరగాలి. చేతిఫోన్ పైకెత్తి పట్టుకుని ఆ దుమ్ములో అటూ ఇటూ పరిగెత్తాలి. ఎంత అరిచినా అవతలివాళ్ళకి చేరకపోతే ఎలా ఉంటుందో తెలియాలి.

“కింద పరోటా కొట్టుకి వెళ్ళి ప్రాటా పట్టుకొస్తా. ఈ రోజు శాంతి పప్పు వద్దు” అని జయరాం చెప్పులేసుకున్నాడు. “వచ్చాక డీలర్‌కి మెయిల్ కొట్టేస్తాను.”

లిఫ్టు తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇంకో తలుపు తెరుచుకున్న చప్పుడు.

సుబ్బమ్మ గది బయట నిలబడి ఉంది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ బల్ల దాకా వచ్చింది. అరుంధతి లేచి నిలబడింది. సాయం పట్టడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

ముసలావిడ కూర్చుంది. కళ్ళజోడు సర్దుకుని తెల్ల కారవాన్ బొమ్మని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది.

“సూరి బాగున్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు” అంది, బొమ్మతోనే చెబుతున్నట్టు. “తెల్ల ఏనుగుని కొన్నామమ్మా, గతుకుల్లో పడి బిస్కట్‌లా విరిగిపోయింది అని చెప్పి నవ్వేవాడు. అది ఇదే కదూ?”

అరుంధతి మిగతా బ్రోషర్లు సర్దసాగింది.

“తలుపు వెనకే ఉన్నాను. రోడ్డు బాగు చేశారన్నావ్. ఎవరు బాగు చేశారు?”

“అత్తయ్యా…” ఆ పిలుపు పలికి రెండేళ్ళయింది.

“ఒక కొడుకు పోయాడు. రెండోవాణ్ణి ఎందుకు చంపాలనుకుంటున్నావమ్మాయ్?”

“చంపాలని కాదు. అక్కడ ఆగిపోవాలని. పిలిచినా ఎవరూ రాకపోతే ఎలా ఉంటుందో తెలియాలని.”

“అక్కా, వద్దు!” శాంతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

సుబ్బమ్మ చెయ్యెత్తింది. శాంతి అక్కడే ఆగిపోయింది.

“చెప్పు.”

అరుంధతి చెప్పింది. వరండాలోంచి తను చేసిన ఫోను, దానికి జయరాం ఇచ్చిన జవాబు. తను బయటికి వెళ్ళిన సమయం చూసి సూరిబాబు చేసిన ఫోను. రేపే ఎక్కిస్తానన్న మాట. గొంతు పెంచలేదు, ఏడవలేదు. చివరికి వచ్చాక మాత్రం మాట ఆగి ఆగి వచ్చింది.

“మీరు రానన్నారని ఆయనకి నేను చెప్పలేదు అత్తయ్యా. బాధపడతారని దాచాను. ఆయనేమో తలుపువైపే చూస్తూ, ‘ఎవరొస్తున్నారో చూడు అరుంధతీ’ అనేవారు. మందుల మత్తులో అంటున్నారనుకున్నాను. ‘ఎవరూ లేరు, పడుకోండి’ అన్నాను. ప్రతిసారీ అలాగే అన్నాను.”

కింద ఆటస్థలంలో పిల్లల కేకలు. ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతోంది. సుబ్బమ్మ తల ఎత్తి గోడ మీది ఫ్రేమువైపు చూసింది.

“పట్టుచీర కట్టారు నాకు” అంది చివరికి. “పూలు పెట్టారు. నవ్వమన్నారు. నవ్వాను.”

తల తిప్పి చిన్న కోడల్ని చూసింది. “నువ్వు విన్నావా వాడి గొంతు?”

శాంతి తలూపింది. కన్నీళ్ళు కారిపోతున్నాయి.

“ఎలా ఉంది?”

“నీరసంగా… కానీ సంతోషంగా ఉంది అత్తయ్యా. మీరు వస్తారనుకుని.”

“రెండేళ్ళు నాకు అన్నం వడ్డించావ్” అంది సుబ్బమ్మ. అంతకు మించి ఆ పిల్లని ఏమీ అనలేదు.

మళ్ళీ బల్లవైపు తిరిగింది. గొంతు మారింది. సంతకెళ్ళి బేరం అడుగుతున్న మనిషిలా అడిగింది.

“ఇది విరిగితే వాడేం చేస్తాడు?”

“ఎవరైనా వచ్చేదాకా కూర్చుంటాడు.”

“కూర్చుని?”

అరుంధతి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

“నేను చెప్తా విను. ఫొటోలు తీసుకుంటాడు. ఎవరో ఒకరు వచ్చి లాక్కెళతారు. తిరిగొచ్చి, అన్న కోసం చావు దాకా వెళ్ళొచ్చానని కంప్యూటర్లో రాస్తాడు. జనం అయ్యో అంటారు, చప్పట్లు కొడతారు. ఇదేనా నువ్వు తీర్చుకునే కసి?” బ్రోషర్‌ని బల్ల మీదికి గిరాటేసింది. “కోపం కూడా సరిగ్గా తీర్చుకోవడం రాదమ్మాయ్ నీకు. ఆ నది దాకా పోయేది ఏది?”

అరుంధతి రెండోదాని మీద వేలు పెట్టింది.

“ఇది విరగదా?”

“విరగదు. కింద ఉక్కు చట్రం, అతుకులు గట్టివి. నేలకి ఎత్తు ఉంది, రాళ్ళు తగలవు. దుమ్ము లోపలికి రాదు. జీపు చక్రాలూ దీని చక్రాలూ ఒకటే సైజు, ఒకటి పోతే ఇంకోటి పనికొస్తుంది. గట్ల మీద టైర్లలో కాస్త గాలి తగ్గించి మెల్లగా తోలాలి.” చెబుతూ చెబుతూ అరుంధతికి తను ఎవరితో మాట్లాడుతోందో గుర్తొచ్చి ఆగింది.

“ఎంతమంది పడుకోవచ్చు?”

“ముగ్గురు. బాగా ఇరుకు. ఒకళ్ళు కదిలితే ఇంకొకళ్ళు లేవాలి.”

“ఇరుకే కావాలి.”

“అత్తయ్యా, ముగ్గురా?”

“వాడు, నేను, నువ్వు. నువ్వు తోలు.”

“మీ మోకాళ్ళతో ఆ దారి… ఎముకలు కదిలిపోతాయి. డాక్టరు దొరకడు. ఎండ చూశారా మీరు?”

“నా కొడుకు రమ్మన్న చోటుకి పోతున్నాను. ఆలస్యమైంది, అంతే.” సుబ్బమ్మ ముందుకి వంగింది. “అక్కడ వాడికి ఆఫీసు ఉండదు. మీటింగు ఉందని లేచిపోలేడు. ఫోను మోగదు. నువ్వొక పక్క, నేనొక పక్క. సూరి సంగతులు చెప్పరా అని పొద్దున అడుగుతాను. ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడావురా అని మధ్యాహ్నం అడుగుతాను. తిట్టను. నవ్వుతూనే అడుగుతాను. నది దగ్గరికి చేరేసరికి వాడి నోటితో వాడే చెప్పాలి. అందాకా మనకేమీ తెలియదు.”

పొద్దుట్నుంచీ గుండెలో మండుతున్న తన కోపమే పెద్దదనుకుంది అరుంధతి. ఈ మనిషి ముందు అది చిన్నపిల్ల అలకలా ఉంది.

“చెప్పకపోతే?” అంది.

“చెప్పేదాకా వెనక్కి రాం.”

“నా వల్ల కాదు అత్తయ్యా” అంది శాంతి, గోడకి జారగిలబడి. “ఆయన మొహం చూస్తూ నేను దాచలేను.”

“రెండేళ్ళు దాచావుగా” అంది సుబ్బమ్మ. “ఇంకొన్నాళ్ళు నాకోసం దాచు. వెళ్ళి మొహం కడుక్కో.”

కారిడార్లో చెప్పుల చప్పుడు వినిపించాక శాంతి గబగబా లోపలికి వెళ్ళింది.

“మకాన్ టైమ్, తిందాం రండి!” అంటూ జయరాం ప్రాటా పొట్లాలు, కూర కవరు ఎత్తి పట్టుకుని లోపలికొచ్చాడు. తల్లి బల్ల దగ్గర కూర్చుని ఉండడం చూసి, “అరె, అమ్మా! బయటికొచ్చావే!” అన్నాడు.

“ఆకలేసింది నాయనా.”

అరుంధతి పళ్ళేలు సర్దింది. శాంతి తడిమొహంతో వచ్చి గ్లాసుల్లో నీళ్ళు పోసింది. కాసిని నీళ్ళు బల్ల మీద ఒలికాయి.

“జయరాం” అంది అరుంధతి, ప్రాటా తుంచుతూ. “మళ్ళీ ఆలోచించాను. తెల్లది వద్దు. రెండోది తీసుకో.”

“వాట్? ఆ కోళ్ళ గూడా? రోడ్డు బాగు చేశారన్నావు కదా?”

“కొంత దూరమే చేశారట. నది దాకా పోవాలంటే ఇదే.”

“ఫొటోల్లో ఏం బాగుంటుంది వదినా? ఒక్కడికి ఇరుకు కూడా.”

“ఒక్కడివి కాదు” అంది సుబ్బమ్మ. “నేనొస్తున్నాను. వదిన బండి తోలుతుంది. నువ్వు ఊరికే కూర్చుని ఫొటోలు తీసుకో.”

జయరాం నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపాడు.

“అమ్మా, బీ సీరియస్ లా. నీ ఆరోగ్యం…”

“తల్లి కూడా ఉంటే పేపర్లో ఇంకా బాగా వేస్తారు” అంది అరుంధతి మెత్తగా.

అది అతనికి తగిలింది. ఒక్క క్షణం కళ్ళు మెరిశాయి. ఆ ఫొటో అతనికి అప్పుడే కనిపిస్తున్నట్టుంది. నది, ముసలి తల్లి, తల్లి భుజం మీద తన చెయ్యి.

“కూర వెయ్యమ్మాయ్” అంది సుబ్బమ్మ.

“కారంగా ఉంది అత్తయ్యా. కొంచెమే వేస్తాను” అని అరుంధతి వడ్డించింది.

జయరాం చేతిలో ప్రాటా ముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది. తల్లిని చూశాడు. వదినని చూశాడు. ఆ కళ్ళలో మెరుపు మెల్లగా ఆరిపోయింది.

“మీరిద్దరూ…” అన్నాడు. “ఎప్పట్నుంచి మాట్లాడుకుంటున్నారు?”

“ఇప్పుడే మొదలెట్టాం” అంది సుబ్బమ్మ, ప్రాటాని కూరలో ముంచుతూ. “ఇంకా చాలా ఉన్నాయి మాట్లాడుకోవాల్సినవి. దారిలో నువ్వూ వింటావుగా. తిను, చల్లారిపోతోంది.”

జయరాం తినలేదు. తలతిప్పి భార్యవైపు చూశాడు.

శాంతి ఒలికిన నీళ్ళు తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. తల మాత్రం ఎత్తలేదు.